నార్వేలో చెక్క చర్చిలు, ఫియోర్డ్‌లు, పాత రేవు: ఎనిమిది రాత్రుల వారసత్వ యాత్రకు పూర్తి మార్గదర్శి

నార్వేలో యునెస్కో గుర్తించిన ప్రపంచ వారసత్వ ప్రదేశాలు ఎనిమిది. జాబితా చూడగానే అన్నీ ఒకే ట్రిప్‌లో చుట్టేద్దామనిపిస్తుంది. మ్యాప్ తెరిస్తే ఆ సరదా తీరిపోతుంది. ఆదిమానవుల రాతి చెక్కడాలున్న ఆల్టా ఆర్కిటిక్ వలయం దాటి ఎక్కడో ఉత్తరాన ఉంది. ఆస్లో నుంచి రోడ్డు మీద 1,700 కిలోమీటర్ల పైమాటే. ఐడర్ బాతుల మెత్తటి ఈకలు ఏరుకుని బతికిన వేగా దీవులు మరో మూల. అందుకే ముందే ఒక మాట. అన్నీ చూడాలన్న ఆశ వదిలి ఒక్క దారి ఎంచుకోండి. ఆ దారిలో వారసత్వ ప్రదేశం పక్కనే రాత్రి బస చేయండి. పొద్దున దిగి సాయంత్రం వెళ్లిపోయే జనం చూసే నార్వే వేరు, వాళ్లు వెళ్లాక మిగిలే నార్వే వేరు.

నేను సూచించే దారి ఇది: ఆస్లో, అక్కడి నుంచి రైల్లో ఫ్లోమ్, తర్వాత లార్దాల్, సోగ్న్‌దాల్, చివరికి పడవలో బెర్గెన్. ఆస్లోలో రెండు రాత్రులు, ఫ్లోమ్ పక్కనున్న ఔర్లాండ్‌లో రెండు, సోగ్న్‌దాల్ లేదా సోల్‌వొర్న్‌లో రెండు, బెర్గెన్‌లో రెండు. ఎనిమిదింటిలో మూడు వారసత్వ ప్రదేశాలు ఈ దారిలోనే వస్తాయి: ఉర్నెస్ చెక్క చర్చి, నేరోయ్‌ఫియోర్డ్ (ఫియోర్డ్ అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ), బెర్గెన్‌లోని బ్రిగ్గెన్ రేవు. వెళ్లిన దారినే వెనక్కి రానక్కర్లేదు, కారు కూడా తప్పనిసరి కాదు.

మొదటి పని: నెల ఎంచుకోవడం

మే మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా ఈ దారికి అనువైన కాలం. ఉర్నెస్, బోర్గుండ్ చర్చిల తలుపులు తెరిచి ఉండేది దాదాపు ఆ నెలల్లోనే. చలికాలంలో వెళ్తే బయటి నుంచి చూసి రావాల్సిందే.

ఇందులోనూ తేడాలున్నాయి. మే చివర, జూన్ మొదట్లో కొండల మీది మంచు కరుగుతుంది కాబట్టి జలపాతాలు నిండుగా దూకుతుంటాయి. ఆగస్టు చివరికి వాటిలో చాలావాటి ధార సన్నబడుతుంది. జూన్ చివరి నుంచి ఆగస్టు మధ్య వరకు స్థానికులకు సెలవులు, రద్దీ, ధరలు రెండూ ఎక్కువ. నన్నడిగితే జూన్ మొదటి సగం, కుదరకపోతే సెప్టెంబర్ మొదటి వారం.

మే 17 వాళ్ల రాజ్యాంగ దినోత్సవం. ఊరూరా పిల్లల ఊరేగింపులు, అందరి ఒంటి మీదా సంప్రదాయ దుస్తులు. చూడాలనుకుంటే ఆస్లోలోనో బెర్గెన్‌లోనో గది చాలా ముందే తీసుకోండి. ఆసక్తి లేకపోతే ఆ రోజు ప్రయాణం పెట్టుకోకండి, దుకాణాలు మూసేస్తారు.

ఇంకో చిన్న పని చాలామంది చేయరు. ఫ్లోమ్ రేవుకు ఏ రోజున ఏ క్రూయిజ్ ఓడ వస్తుందో ముందే ప్రకటిస్తారు. పెద్ద ఓడ ఆగిన రోజు వేలమంది ఒక్కసారిగా ఆ చిన్న ఊళ్లో దిగుతారు. తేదీలు ఖాయం చేసే ముందే ఆ క్యాలెండర్ చూసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

రెండో పని: వీసా, టికెట్లు, సామాను

నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు కానీ ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల షెన్‌గెన్ కూటమిలో ఉంది. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు షెన్‌గెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందు చేయాలన్నది నియమం, వేసవికి అది ఏమాత్రం చాలదు. అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టమవుతుంది కాబట్టి మూడు నెలల ముందే మొదలుపెట్టండి. పెద్దలకు వీసా ఫీజు 90 యూరోలు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించాలి. వేరే దేశాలూ కలుపుకుంటే, ఎక్కువ రాత్రులు ఎక్కడుంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి.

రైలు టికెట్లు వై అనే సంస్థ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. ముందుగా కొంటే ధర బాగా తగ్గుతుంది, చివరి రోజుల్లో కొంటే గుండె గుభేలుమంటుంది. రైలు, బస్సు, పడవ వేళలన్నీ ఒకేచోట చూడాలంటే ఎన్‌టూర్ యాప్ పెట్టుకోండి. రైలు, పడవ, బస్సు టికెట్లన్నీ కలిపి ప్యాకేజీగా అమ్మేవాళ్లూ ఉన్నారు. సుఖమే, కాదనను. కానీ అందులో మీరు ఎక్కేవి వేరువేరుగా కొనుక్కోదగ్గ మామూలు సర్వీసులే. విడిగా కొంటే మధ్యలో ఎక్కడైనా ఆగే స్వేచ్ఛ మీ చేతిలో ఉంటుంది.

నగదు దాదాపు అక్కర్లేదు, కార్డు అన్నిచోట్లా చెల్లుతుంది. కొళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, సీసా ఒకటి వెంట ఉంచుకుంటే చాలు. హోటల్ భోజనం ఖరీదు కాబట్టి వంటగది ఉన్న బస చూసుకోండి. క్యాంప్‌సైట్లలో చిన్న చెక్క ఇళ్లు అద్దెకిస్తారు, నలుగురు కుటుంబానికి అవే మేలు. దుప్పటి, పక్కబట్టలు వాళ్లివ్వరు, ఇస్తే విడిగా డబ్బు తీసుకుంటారు. ఆదివారం చాలా సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి.

ఇంటి నుంచి తినుబండారాలు తీసుకెళ్లే అలవాటు మనకు ఎలాగూ ఉంది కదా. అక్కడి కస్టమ్స్ మాంసాన్ని, పాల పదార్థాలను మన దేశం నుంచి రానివ్వదు. నెయ్యి సీసా, పాలకోవా, పూతరేకులు ఇంట్లోనే వదిలేయండి. కందిపొడితో సర్దుకోవచ్చు.

బట్టల విషయంలో గొడుగును నమ్ముకోవద్దు, గాలికి విరిగిపోతుంది. వాన ఆగే జాకెట్, ప్యాంటు, తడవని బూట్లు కావాలి. బెర్గెన్‌లో ఏడాదికి 200 రోజులకు పైగా వాన పడుతుంది.

మూడో పని: ఆస్లోలో చెక్క చర్చితో మొదలుపెట్టడం

ఆస్లోలో పడవెక్కో బస్సెక్కో బైగ్డోయ్ ద్వీపకల్పానికి వెళ్లండి. అక్కడి వైకింగ్ నౌకల మ్యూజియం కోసం వచ్చి నిరాశపడేవాళ్లు ఎక్కువ. ఆ మ్యూజియం 2022లో మూతపడింది. విస్తరించి 2027లో తెరవాలన్నది ప్రణాళిక కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

వారసత్వం కోసం వెళ్లేవాళ్లకు అసలు చోటు అక్కడే ఉన్న నార్వే జానపద మ్యూజియం. దేశం నలుమూలల నుంచి తెచ్చి నిలిపిన పాత ఇళ్లు ఆరుబయట ఉంటాయి. వాటిలో గోల్ అనే ఊరి చెక్క చర్చి ఒకటి. దాదాపు 1200 నాటిది, 1880లలో విప్పి ఇక్కడికి తెచ్చి మళ్లీ కట్టారు. దీని ముందు కాసేపు నిలబడండి. నిలువు స్తంభాలు ఎక్కడ ఆనుతున్నాయి, పైకప్పులు ఒకదానిపై ఒకటి ఎలా లేచాయి, చెక్క పెంకులు ఎలా పేర్చారు అన్నది గమనించండి. నాలుగు రోజుల తర్వాత లోయలో అసలు చోటే నిలిచిన చర్చిలు చూసేటప్పుడు ఈ గంట అక్కరకొస్తుంది. టైమ్ ఉంటే అదే ద్వీపకల్పంలో ఫ్రామ్ మ్యూజియం. 1892లో తయారైన ధ్రువయాత్రల ఓడ ఫ్రామ్ మొత్తంగా లోపలే ఉంది, డెక్ మీద తిరగొచ్చు.

నాలుగో పని: రైలు, ఆ తర్వాత ఇంకో రైలు

ఆస్లో–బెర్గెన్ రైలు మార్గం 1909లో పూర్తయింది. దారిలో ఫిన్సె స్టేషన్ సముద్ర మట్టానికి 1,222 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడికి రోడ్డే లేదు. జూన్‌లో కూడా కిటికీ బయట మంచు కనిపిస్తుంది. ఫిన్సె దాటాక మ్యూర్దాల్‌లో దిగి ఫ్లోమ్ రైలు ఎక్కాలి.

ఫ్లోమ్ రైలు 20 కిలోమీటర్లే నడుస్తుంది, కానీ ఆ దూరంలో 860 మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. 1940లో నడవడం మొదలైంది. దారిలో ఇరవై సొరంగాలు, వాటిలో పద్దెనిమిది మనుషులు చేతులతో తొలిచినవే. ష్యోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర రైలు ఆగి అందరినీ దింపుతుంది. గంట సేపటి ఈ ప్రయాణానికి టికెట్ ధర ఎక్కువే. ఒంట్లో ఓపికుంటే వేసవిలో మంచు కరిగాక మ్యూర్దాల్ నుంచి కిందికి నడిచో సైకిల్ మీదో రావచ్చు. రైలు మార్గం వేసిన కూలీల కోసం సామాను చేరవేయడానికి కట్టిన బాట అది. అంతకుముందు వెళ్తే పైన మంచు అడ్డం రావచ్చు. నా లెక్కలో రైల్లో దిగి, మర్నాడు లోయలో సగం దూరం నడవడం రెంటికీ మధ్యే మార్గం.

ఐదో పని: ఫియోర్డ్‌ను పొద్దున్నే అందుకోవడం

ఫ్లోమ్‌లో కాకుండా అక్కడికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని ఔర్లాండ్‌లో గది తీసుకోమంటాను. ఫ్లోమ్ రేవు చుట్టూ ఉన్నవి ఎక్కువగా టూరిస్టుల దుకాణాలే. ఔర్లాండ్ మామూలు ఊరు, మధ్యయుగపు రాతి చర్చి కూడా ఉంది.

ముందు ఈ లోయలు ఎలా పుట్టాయో తెలిస్తే చూపు మారుతుంది. మంచుయుగాల్లో కిలోమీటర్ల మందాన హిమానీనదాలు పాత నదీ లోయల్లో జారుతూ రాతిని సముద్ర మట్టానికి దిగువదాకా తొలిచేశాయి. మంచు కరిగాక ఆ గాడిలోకి సముద్రం వచ్చి చేరింది. ఔర్లాండ్, నేరోయ్ రెండూ సోగ్నెఫియోర్డ్ పాయలు. ఆ పెద్ద ఫియోర్డ్ పొడవు 200 కిలోమీటర్ల పైన, లోతు 1,300 మీటర్ల దాకా. విచిత్రమేమిటంటే సముద్రంలో కలిసేచోట లోతు చాలా తక్కువ. తీరం దగ్గర మంచు పలచబడి, విడిపోయి, తొలిచే బలం పోగొట్టుకుంది.

నేరోయ్‌ఫియోర్డ్ 2005లో గైరాంగర్‌ఫియోర్డ్‌తో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 17 కిలోమీటర్ల పొడవు, ఇరుకైన చోట వెడల్పు 250 మీటర్లే, రెండు పక్కలా కొండలు 1,400 మీటర్లకు పైగా. పడవ ఫ్లోమ్ నుంచి గుద్‌వాంగెన్‌కు రెండు గంటల్లో వెళ్తుంది. అందరూ ఆస్లో రైలు దిగి మధ్యాహ్నం ఇదే దిశలో వెళ్తారు. మీరు అక్కడే బస చేశారు కాబట్టి తిరగేసి చేయండి. పొద్దున బస్సులో గుద్‌వాంగెన్ వెళ్లి (11 కిలోమీటర్ల సొరంగంలోంచి కాస్సేపటి ప్రయాణమే), మొదటి పడవలో ఫ్లోమ్‌కు తిరిగి రండి. డెక్ మీద నిలబడటానికి చోటు దొరుకుతుంది. ఇక్కడ 2018 నుంచి బ్యాటరీ పడవ నడుస్తోంది, ఇంజిన్ రొద లేదు. వారసత్వ ఫియోర్డ్‌లలోకి వచ్చే చిన్న, మధ్యతరహా ప్రయాణికుల ఓడలు 2026 నుంచి పొగ వదలకూడదని, భారీ ఓడలకు 2032 దాకా గడువని నార్వే నియమం పెట్టింది.

కొండ అంచున అతుక్కున్నట్టు కనిపించే ఇళ్లను తీసిపారేయకండి. ప్రకృతి ఒక్కటే అయితే ఈ చోటు ఇంత విలువైంది అయ్యేది కాదు. స్టివి దగ్గర ఒడ్డు వెంట పాత తపాలా బాట ఉంది. నార్వే తపాలా వ్యవస్థ 1647లో మొదలైంది, ఆస్లో–బెర్గెన్ ఉత్తరాలు ఈ దారినే వెళ్లేవి. ఉన్‌డ్రెదాల్ అనే పల్లెలో మనుషుల కంటే మేకలే ఎక్కువ. అక్కడి మేకపాల గోధుమరంగు చీజ్ తియ్యగా ఉంటుంది. నలభై మంది పట్టే బుజ్జి చెక్క చర్చి కూడా ఉంది. సాయంత్రం ఔర్లాండ్ పైనున్న స్టేగాస్టైన్ వేదికకు వెళ్లండి. నీటికి 650 మీటర్ల ఎత్తున గాలిలోకి చొచ్చుకొచ్చిన చెక్క వేదిక అది. జూన్‌లో రాత్రి పది దాటినా వెలుగుంటుంది, బస్సుల గుంపు వెళ్లిపోయి ఉంటుంది.

ఆరో పని: బోర్గుండ్, ఉర్నెస్

ఈ దారికి ప్రాణం ఇదే, రెండు రోజులు ఇవ్వాల్సిన చోటు.

ఔర్లాండ్ నుంచి లార్దాల్‌కు వెళ్లే సొరంగం పొడవు 24.5 కిలోమీటర్లు. 2000లో తెరిచారు, రోడ్డు సొరంగాల్లో ప్రపంచంలోనే అతి పొడవైంది. డ్రైవర్లకు కునుకు రాకుండా మధ్యలో మూడుచోట్ల నీలి కాంతితో పెద్ద గుహల్లా తొలిచారు. ఆవలి వైపు నుంచి కొంచెం లోపలికి వెళ్తే బోర్గుండ్. ఈ ముక్కకు బస్సులు తక్కువ, వేళలు ముందురోజే చూసి పెట్టుకోండి. దారి మొత్తంలో ఒక్కరోజు కారు అద్దెకు తీసుకోవాలనుకుంటే అది ఈ రోజే కావాలి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉంచుకోండి, పగలు కూడా హెడ్‌లైట్లు వేయాలి, వేగం దాటితే జరిమానాలు మామూలుగా ఉండవు.

బోర్గుండ్ చర్చి 1180 ప్రాంతానిది. అంచెలంచెల పైకప్పులు, వాటి కొసల్లో డ్రాగన్ తలలు, నల్లటి తారు పూత. ఎండ రోజున దగ్గరికి వెళ్తే ముందు తారు వాసన తగులుతుంది. లోపల బెంచీలు లేవు, పెద్ద కిటికీలు లేవు, గోడపైన చిన్న చిన్న గుండ్రటి రంధ్రాలే. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. గోడల మీద పాతకాలం భక్తులు గీకిన రూన్ లిపి (ఉత్తర యూరప్‌లో వాడిన పాత లిపి) అక్షరాలు కనిపిస్తాయి. ఈ చర్చి ఇంత చెక్కుచెదరకుండా మిగలడానికి కారణం చిత్రమైంది. 1868లో పక్కనే కొత్త చర్చి కట్టుకుని ఊరివాళ్లు దీన్ని వాడటం మానేశారు. దాంతో కాలానికి తగ్గట్టు మార్చే అవసరం రాలేదు. 1877లో పాత కట్టడాల సంరక్షణ సంఘం దీన్ని కొనేసింది.

చెక్క ఎనిమిది వందల ఏళ్లు ఎలా నిలిచింది? తొలినాటి చర్చిల స్తంభాలను నేరుగా నేలలో పాతేవారు, కొన్ని దశాబ్దాలకే మొదలు కుళ్లిపోయేది. తర్వాత రాళ్లమీద అడ్డదూలాలు వేసి, స్తంభాలను ఆ దూలాల్లోకి దించారు. తడి నేల చెక్కకు తగలడం ఆగింది. పైన కొన్నేళ్లకోసారి పైన్ తారు పూస్తూ వచ్చారు. ఇంతా చేసి ఇప్పుడు నార్వేలో మిగిలినవి 28 మాత్రమే.

ఇక ఉర్నెస్. లార్దాల్ వైపు నుంచి ఫోద్‌నెస్–మాన్‌హెల్లర్ ఫెర్రీ దాటి సోగ్న్‌దాల్, అక్కడి నుంచి సోల్‌వొర్న్ చేరాలి. సోల్‌వొర్న్ తెల్లటి చెక్క ఇళ్ల చిన్న ఊరు, గది దొరికితే ఇక్కడే ఉండండి. ఎదుటి ఒడ్డుకు చిన్న ఫెర్రీ ఇరవై నిమిషాల్లో చేరుస్తుంది, దిగాక కిలోమీటరు దాకా ఎత్తెక్కాలి. పెద్దవాళ్లుంటే తాపీగా నడిచేలా టైమ్ పెట్టుకోండి. తిరుగు ఫెర్రీ ఎప్పుడో ముందే చూసుకోండి.

చర్చిని 1130 ప్రాంతంలో కట్టారు. మీరు మాత్రం నేరుగా ఉత్తరం గోడ దగ్గరికి వెళ్లండి. అక్కడున్న తలుపు చట్రం ఇంకా పాతది, 1070 ప్రాంతపు చర్చి నుంచి తీసి ఇక్కడ అమర్చింది. సన్నటి కాళ్ల జంతువు ఒకటి, దాన్ని చుట్టుకున్న పాములు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయో పట్టుకోవడం కష్టం. వేలు గాల్లో కదుపుతూ ఒక్క పామును మొదటి నుంచి చివరిదాకా అనుసరించి చూడండి, శిల్పి నేర్పు అప్పుడు తెలుస్తుంది. వైకింగ్ కళలో చివరి దశకు ఉర్నెస్ శైలి అనే పేరు ఈ తలుపు వల్లే వచ్చింది. లోపల స్తంభాల తలల మీద కూడా జంతువుల చెక్కడాలున్నాయి, గైడ్‌ను అడిగితే టార్చి వేసి చూపిస్తారు. 1979లో నార్వే నుంచి మొదటిసారి ప్రపంచ జాబితాకెక్కినవి రెండు, ఒకటి ఇది, రెండోది మీరిప్పుడు వెళ్లబోయే బ్రిగ్గెన్.

ఏడో పని: పడవలో బెర్గెన్, రేవులో ఒక పూర్తి ఉదయం

సోగ్న్‌దాల్ నుంచి బెర్గెన్‌కు ఎక్స్‌ప్రెస్ పడవ నాలుగైదు గంటలు తీసుకుంటుంది. కొండలు క్రమంగా కుంగి, చివరకు చెట్టులేని రాతి దీవులైపోతాయి. టూరిస్టు పడవ కాదు, ఊళ్లవాళ్లు వాడేది. అందుకే నాకు నచ్చింది.

బ్రిగ్గెన్‌లోని చెక్క ఇళ్ల రంగురంగుల ముఖాలు ఫోటోల్లో అందరూ చూసినవే. అక్కడే ఆగిపోతే అసలైంది పోయినట్టే. ఇళ్ల మధ్యనున్న సందుల్లోకి వెళ్లండి, కాళ్లకింద చెక్క పలకలు, పైన వంగిన వరండాలు, సామాను ఎత్తే కప్పీలు. ఉత్తర జర్మనీ వర్తకుల హాన్సా సమాఖ్య 1360 ప్రాంతంలో ఇక్కడ తన కార్యాలయం పెట్టింది, 1754 దాకా నడిపింది. వర్తకమంతా ఎండు చేప మీదే. ఉత్తరాది నుంచి కాడ్ చేప వచ్చేది, బదులుగా ధాన్యం వెళ్లేది. మన కోస్తాలో చేపకు ఉప్పు పట్టించి ఎండబెడతారు, అక్కడ ఉప్పు లేకుండానే చలిగాలికి కొయ్య దండేల మీద ఆరబెడితే రాయిలా గట్టిపడి ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది.

ఈ ఇళ్లలో పొయ్యి, దీపం నిషిద్ధం. పెళ్లి చేసుకోకూడదన్న షరతు మీద వచ్చిన కుర్ర గుమాస్తాలు చలికాలమంతా వేడిలేని గదుల్లో పడుకునేవారు. వంట, భోజనం, కాస్త వెచ్చదనం వెనకవైపు విడిగా కట్టిన సభాగృహాల్లోనే. అంత జాగ్రత్తపడ్డా 1702లో మంటల్లో అంతా పోయింది, పాత నమూనాలోనే మళ్లీ కట్టారు. 1955లో మరో మంట కొంత భాగాన్ని తినేసింది. కాలిన నేల తవ్వితే మధ్యయుగపు రేవు బయటపడింది. బ్రిగ్గెన్ మ్యూజియం ఆ తవ్వకం మీదే కట్టారు. కర్రపుల్లల మీద రూన్ లిపిలో రాసుకున్న సరుకుల లెక్కలు, ప్రేమ కబుర్లు అక్కడున్నాయి. ముందు మ్యూజియం చూసి, తర్వాత సందుల్లో తిరగండి. ఇప్పుడు మిగిలిన పాత కట్టడాలు 62. భూగర్భ జలం తగ్గి పునాది కొయ్యలు కుళ్లుతుంటే నీటిమట్టాన్ని మళ్లీ పెంచే పని కూడా చేశారు.

తొమ్మిదిలోపు వెళ్తే సందులు ఖాళీగా ఉంటాయి. అక్కడి నుంచి నడకదూరంలో 12వ శతాబ్దపు మరియా చర్చి, 1261 నాటి హోకోన్ రాజు సభామందిరం. బెర్గెన్‌లో ఫాంటాఫ్ట్ చెక్క చర్చిని కూడా చూడమంటారు. అది 1992లో ఎవరో నిప్పు పెడితే కాలిపోయి తిరిగి కట్టింది. బోర్గుండ్ చూసినవాళ్లకు అక్కర్లేదు.

నియమాలు కొన్ని

సాగుచేయని నేల మీద ఎవరైనా నడవొచ్చు, గుడారం వేసుకోవచ్చు. 1957 చట్టం ఇచ్చిన హక్కు ఇది. ఇంటికి 150 మీటర్ల దూరం పాటించాలి, ఒకేచోట రెండు రాత్రులకు మించకూడదు. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా అడవుల్లో, వాటి దగ్గర నిప్పు వేయకూడదు. ఫియోర్డ్ ఒడ్డున ఇళ్ల ముంగిట్లోకి ఫోటోల కోసం దూరకండి, అవి ఎవరో కాపురముంటున్న ఇళ్లు.

ఇంకో నాలుగు రోజులుంటే

చాలామంది గైరాంగర్ అంటారు. బాగుంటుంది, ఏడు ధారల జలపాతం, కొండపై వదిలేసిన పొలాల ఇళ్లు. ఆ ఫియోర్డ్ వ్యవస్థలోనే ఓకర్‌నేసెట్ అనే కొండ చరియ నెమ్మదిగా జారుతోంది, పరికరాలతో అనుక్షణం గమనిస్తుంటారు. 1934లో దగ్గర్లోని టాఫ్‌యోర్డ్‌లో కొండచరియ నీళ్లలో పడి లేచిన అలకు 40 మంది చనిపోయారు. ఆ భయం తెలిసినవాళ్లు కాబట్టి అంత శ్రద్ధ.

కానీ ఒక ఫియోర్డ్ చూశారు కదా, నేనైతే రోరోస్ వెళ్లమంటాను. 1644లో రాగి గనుల కోసం పుట్టి, 1977లో గని కంపెనీ దివాలా తీసేదాకా దానిమీదే బతికిన చెక్క పట్టణం. వీధి చివరన రాగి కరిగించాక మిగిలిన చిట్టెపు గుట్టలు అలాగే ఉన్నాయి, వాటి పక్కన కూలీల చిన్న ఇళ్లు, ఊరి మధ్యలో 1784 నాటి పెద్ద తెల్లటి చర్చి. ఊళ్లో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. బెర్గెన్ నుంచి విమానంలో ట్రోన్‌హైమ్ వెళ్లి అక్కడి నిదారోస్ కేథడ్రల్ చూసుకుని, రైల్లో రోరోస్ చేరి రెండు రాత్రులుండండి. రోరోస్ నుంచి ఆస్లో వైపు రైలు హామర్ మీదుగా వెళ్తుంది, అక్కడ మారాల్సి రావచ్చు. తిరుగు విమానం ఉన్న రోజున కాకుండా ముందురోజే ఈ రైలు ఎక్కండి.